ఐదుగురి లెక్కలో ఏడుగురం

రోజు 1

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నామో, ఎందుకు తీసుకున్నామో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక రాత ఉండాలని మా కంపెనీ నడిపే రెహానా అంది. ముప్పై రోజుల పరీక్ష కాబట్టి ముప్పై రోజులూ రాయమంది. రాయడం నాకు కొత్త కాదు. ఈ కంపెనీలో చేరకముందు పద్దెనిమిదేళ్లు ఫెర్రీల రాకపోకలు రాశాను. ఆ రాతలో విశేషాలేమీ ఉండేవి కావు. ఇందులో ఉంటే ఉండనీ.

మాది ఏడుగురి కంపెనీ. పెట్టి ఏడాదిన్నర అయింది. నేల మునిగాక తెప్పల మీద కట్టుకున్న మా తెప్పలపేట చుట్టూ ఆల్చిప్పల గట్టు పెంచుతామని బయల్దేరాం. ఇనప చట్రాలకి పిల్ల చిప్పలు అంటించి నీళ్లలోకి దించితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని పెరుగుతాయి. కొన్నాళ్లకి రాయిలా గట్టిపడతాయి. అల వాటి మీద విరిగి, పేటకి చేరేసరికి సగమవుతుంది. చదువుకున్న పిల్ల రెహానా చెబితే నమ్మాను, ఇప్పుడు కళ్లతో చూసి నమ్ముతున్నాను.

పేట కమిటీ మాకు ఒక్క తుపాను కాలం గడువిచ్చింది. తూర్పు వైపు నలభై చట్రాలు దించాలి. అవి నిలబడితే పేట చుట్టూ పని మాదే. లేకపోతే మా తెప్ప ఇంకెవరికో ఇస్తారు.

ఇప్పటిదాకా ఎవరి పని వాళ్లకి నేనే నోటితో చెప్పేదాన్ని. పోయిన వారం ఒకే చట్రానికి రెండుసార్లు పిల్లలు అంటించారు, ఇంకొకటి ఖాళీగా నీళ్లలోకి వెళ్లిపోయింది. అప్పుడే రెహానా అంది, ఇక నోటితో అవదని.

రోజు 2

మూడు చూశాం.

'సహవాసి' మాట చాలా తియ్యగా ఉంటుంది. పొద్దున్నే పలకరిస్తుంది, నిద్ర పట్టిందా అని అడుగుతుంది. మా ఇంట్లో నన్ను ఎవరూ అలా అడగరు. 'నిపుణ' అన్నీ చేస్తుంది, నీటి పోటు చూసి పని పంచుతుంది, కమిటీకి నివేదికలు కూడా రాస్తుంది. కానీ దాని తిండి ఎక్కువ. 'చురుకు' చేసేదీ దాదాపు అంతే, తిండి మాత్రం తక్కువ.

తిండి అంటే కరెంటు. పేటలో ప్రతి కంపెనీకీ కరెంటు వాటా ఉంటుంది. ఎండ ఎంత కాస్తే అంత. సాఫ్ట్‌వేర్ కూడా ఆ వాటాలోంచే, మనిషికి ఇంత అని తీసుకుంటుంది. పిల్ల చిప్పలు పెరిగే తొట్టికి నీళ్లు తిప్పే పంపు కూడా అదే వాటా మీద నడుస్తుంది. పంపు ఒక పూట ఆగితే తొట్టిలో సగం చచ్చిపోతాయి.

రోజు 4

చురుకు తీసుకున్నాం. తీసుకున్న పద్ధతి కూడా రాయాలి.

చురుకు ఐదుగురి దాకా చిన్న బృందం కింద చూస్తుంది. ఆరో మనిషి చేరగానే పెద్ద బృందం.

"పెద్ద బృందమైతే వాటా మూడింతలు" అన్నాడు శ్రీకర్. మా యంత్రాలన్నీ చూసుకునేది అతనే.

"అంత ఇస్తే పంపు మధ్యాహ్నం దాకానే తిరుగుతుంది" అంది రెహానా. "మనం ఏడుగురం. ఇద్దర్ని బయట ఎలా పెడతాం?"

అప్పుడు నేను చెప్పాను.

"పైడితల్లీ గౌరీ ఇద్దరూ చిప్పలు అంటించే బల్ల దగ్గరే ఉంటారు. వాళ్లిద్దరికీ కలిపి ఒక పేరు పెడదాం. నూకరత్నం అక్క పొద్దున్న పడవ తీస్తుంది, ఆవిడ వచ్చాక దాలయ్య తీస్తాడు. ఇద్దరూ ఒకేసారి నీళ్లమీద ఉండరు. వాళ్లకీ కలిపి ఒక పేరు. మనం ముగ్గురం, అవి రెండూ, ఐదు."

రెహానా లేచి వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "సువర్చలక్కా, మీరు లేకపోతే ఏమైపోయేదాన్ని!"

ఆ రెండు పేర్లూ 'బల్ల పని', 'నీటి పని' అని పెట్టాం. ఎవరెక్కడున్నారో చెప్పే, ఆపద మీట ఉన్న చేతిపట్టీలు ఏడుగురికీ ఉన్నాయి కాబట్టి ఒక్కో పేరు కింద రెండేసి పట్టీలు తగిలించాడు శ్రీకర్. ఒకే పేరు ఇద్దరు వాడకూడదని ఒప్పందంలో ఉందట. "అందరూ వాడతారు లెండి" అన్నాడు. నేనూ సరేనన్నాను.

రోజు 9

బాగుంది. నిజంగా బాగుంది. ఏ చట్రం ఎక్కడుందో తెలుస్తోంది. మనిషి నీళ్లమీదకి వెళ్లగానే తోడుపడవని అదే కేటాయిస్తుంది. పేట రేవులో రెండే తోడుపడవలు ఉన్నాయి. ఎవరైనా బయటికి వెళ్తే ఆపదలో ఆదుకోవడానికి ఒకటి సిద్ధంగా ఉంచాలని రేవు నియమం. ఇదివరకు దానికోసం నేను రేవు ఆఫీసుకి పోయి బతిమాలుకునేదాన్ని. ఇప్పుడు కూర్చున్నచోటే అయిపోతోంది.

ఒకటే తలనొప్పి. రోజుకి వంద కబుర్లు చెబుతుంది. 'బల్ల పని' పట్టీలో చార్జి తగ్గింది, తాడు నిల్వ తగ్గింది, మీరు గంట నుంచి కదల్లేదు. అత్యవసరం కానివన్నీ కట్టగట్టి సాయంత్రం ఆరింటికి ఒక్కసారే చూపించమని మార్చాను. అప్పట్నుంచి ఆఫీసు ప్రశాంతంగా ఉంది.

రోజు 13

అల్పపీడనం ఒకటి వెళ్లింది, ఇంకొకటి వస్తుందంటున్నారు. ఇరవై రెండు చట్రాలే అయ్యాయి.

"ఒక్కొక్కరే వెళ్తే ఈ నెలలో అవదు" అంది రెహానా. "రేపట్నుంచి ఇద్దరూ ఒకేసారి వెళ్లాలి. అక్క బయటి వరస, దాలయ్య లోపలి వరస."

నూకరత్నం అక్కకి యాభై నాలుగేళ్లు. మా అందరికంటే పెద్దది. పద్నాలుగేళ్లప్పటి నుంచి నీళ్లలో మునుగుతోంది. దాలయ్య ఆవిడకి చుట్టం కాదు గానీ సొంత అక్కని పిలిచినట్టు అప్పా అని పిలుస్తాడు. బయటి వరస అనగానే ఆవిడ చీర కుచ్చిళ్లు బిగించి, "ఎల్తాను. లోపలి వరస ముసిలోళ్లకి" అని దాలయ్య వైపు చూసి నవ్వింది.

(ఈ నాలుగు మాటలూ తర్వాత చేర్చినవి.) అప్పుడు నాకు పేర్ల సంగతి గుర్తుకు రావాల్సింది. రాలేదు. వయసు మీదపడి మరిచిపోయాననుకోవడానికి కూడా లేదు. ఆ రోజు తాడు చాలదని, రేవులో తాడు కోసం పరుగెడుతున్నాను.

రోజు 17

ఇది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్న వాన పడి వెలిసింది. తర్వాత నీళ్లమీద తెల్లగా మసక కమ్మింది. మా తెప్ప మీంచి చూస్తే లోపలి వరస చట్రాలకి గుర్తుగా తేలే బోయాలు కూడా సరిగ్గా కనబడటం లేదు. మూడు గంటల పది నిమిషాలకి దాలయ్య పడవ కట్టి పైకొచ్చాడు. చట్రం కొక్కెం విరిగిందని, అతుకు వేయించుకోవడానికి శ్రీకర్ దగ్గరికి వెళ్లాడు.

నాలుగింటికి వాతావరణం వాళ్ల హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ వెంటనే వెనక్కి రావాలి. రేవు ఆఫీసు ప్రతి కంపెనీనీ అడిగింది, మీ వాళ్లందరూ చేరారా అని. నేను చురుకు తెర చూశాను. ఐదు పేర్లూ పచ్చగా ఉన్నాయి. 'నీటి పని: ఒడ్డున' అని ఉంది. అందరూ చేరారని జవాబు పంపేశాను.

నాలుగూ ఇరవైకి దాలయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. కొక్కెం చేతిలోనే ఉంది.

"అప్ప ఏదమ్మా?"

"వచ్చేసింది కదా" అన్నాను, తెర చూపించి.

"ఎక్కడికొచ్చినాది? పడవలు కట్టేకాడ అప్ప పడవ లేదు. నానిప్పుడే సూసొచ్చినాను."

తెర వంక మళ్లీ చూశాను. పచ్చగానే ఉంది. అప్పుడు అర్థమైంది. ఒడ్డున ఉన్నది దాలయ్య. 'నీటి పని' అంటే చురుకుకి ఒక్క మనిషే. మొదట్లో ఒడ్డున ఉన్నవాళ్లు పట్టీ తీసిపెట్టేవాళ్లు, ఈ మూడు రోజులూ ఇద్దరూ కలిసే వెళ్లి కలిసే వచ్చారు, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆ మనిషి మూడూ పదికి ఒడ్డెక్కాడు. ఎక్కాడు కాబట్టి తోడుపడవని వదిలేసింది. ఆ పడవ అప్పటికే పడమటి తెప్పలకి మందులు మోయడానికి వెళ్లిపోయింది.

శ్రీకర్ పరుగెత్తుకొచ్చి లోపలి కబుర్లన్నీ తవ్వాడు. సాయంత్రం ఆరింటికి నాకు చూపించాల్సిన కట్టలో తొమ్మిదోది ఇది: 'ఒకే సభ్యునికి రెండు చోట్ల నుంచి సంకేతాలు వస్తున్నాయి. ఒక పట్టీ చెడిపోయి ఉండవచ్చు. దూరంగా ఉన్న పట్టీని ఆపివేశాను.'

ఆపేసే ముందు ఆ పట్టీ నుంచి మూడుసార్లు ఆపద మీట నొక్కిన గుర్తు ఉంది. మూడూ పన్నెండుకి, మూడూ పదిహేనుకి, మూడూ ఇరవైకి. మనిషి ఒడ్డునే ఉన్నాడు కదా అని మూడింటినీ చెడిన పట్టీ సంకేతాలుగానే తీసుకుంది.

శ్రీకర్ ముఖం చూడలేకపోయాను. "ఆఖరుసారి ఎక్కడుంది?" అని మాత్రం అడిగాను.

"బయటి వరస చివర. ముప్పై ఒకటో చట్రం దగ్గర."

రెహానా రేవు ఆఫీసుకి పరుగెత్తింది, రెండో తోడుపడవ కోసం. దాలయ్య తన పడవ విప్పాడు. బ్యాటరీ సగమే ఉంది. నేనూ ఎక్కాను. ఎందుకెక్కావని అతను అడగలేదు. ఫెర్రీ ఉద్యోగం మానేశాక నేను గట్టు దాటి బయటికి వెళ్లడం అదే మొదలు.

ముప్పై ఒకటో చట్రం దగ్గర ఎవరూ లేరు. చట్రం సగం దించి ఉంది, తాడు ఒకటి తెగి తేలుతోంది.

దాలయ్య ఆ తాడు కొస చేతిలోకి తీసుకుని చూశాడు. "మోటారుకి సుట్టుకున్నాదమ్మా. కోసేసినాది. మోటారు ఆగిపోయుంటాది." నీళ్లలోకి చెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు. "పోయిన వోరమే నీరు దచ్చినానికి తిరిగినాది. అప్ప అటే కొట్టుకుపోతాది."

"దక్షిణానికి అయితే పాత నీళ్ల ట్యాంకు ఉంది" అన్నాను. "ఇక్కడ నేలున్న కాలంలో కాలనీకి నీళ్లిచ్చినది. పైకప్పు మూడు మూరలు బయటికి ఉంటుంది. ఫెర్రీలు దాన్ని తప్పించుకుని వెళ్లేవి."

"నాకెరిక. అప్పకీ ఎరికే."

అరగంట పట్టింది. నేను అక్కని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను, గొంతు పోయేదాకా. మసకలో పిలుపు ఎటు పోతుందో తెలియదు. బ్యాటరీ ముల్లు ఎర్ర గీత దగ్గరికొచ్చింది. దాలయ్య దాన్ని చూశాడు. నేను చూశానని కూడా చూశాడు. వేగం తగ్గించాడే తప్ప పడవ తిప్పలేదు.

ముందు చప్పుడు వినబడింది. ఇనుము మీద ఇనుము. టంగు, టంగు, ఆగి, మళ్లీ టంగు, టంగు.

ట్యాంకు కప్పు మీద నూకరత్నం అక్క కూర్చుని ఉంది. పడవని కప్పు నిచ్చెనకి కట్టేసింది. చేతిలో చట్రం బిగించే పానా ఉంది, దాంతో నిచ్చెనని కొడుతోంది. పెదాలు నల్లబడ్డాయి. మమ్మల్ని చూసి కొట్టడం ఆపింది.

"బేగి వొచ్చినారు" అంది.

దాలయ్య ఆవిడని రెండు చేతులా ఎత్తి పడవలోకి దించాడు. నేను నా పైట తీసి కప్పాను. ఆవిడ ఒళ్లు చలికి వణుకుతోంది. ఐదున్నరకి రెహానా తీసుకొచ్చిన తోడుపడవ మమ్మల్ని కలిసింది. మా పడవ దానికి కట్టించుకుని వెలుగుండగానే రేవు చేరాం.

రోజు 18

డాక్టరు చూశాడు. చలి పట్టింది, ఇంకేమీ లేదు, వారం నీళ్లలోకి దిగొద్దన్నాడు.

రేవు ద్వారా సంగతి తెలిసి పదింటికి చురుకు కంపెనీ వాళ్లు మాట్లాడారు. మనోజ్ఞ అనే అమ్మాయి. ఏడ్చినంత పనిచేసింది. ఆపద మీట నొక్కినా తమ సాఫ్ట్‌వేర్ పట్టీని ఆపేసిందంటే తమవైపే ఏదో లోపం ఉండి ఉంటుందని, దానికి ఏడాదిపాటు పది మంది దాకా ఏ వాటా తీసుకోకుండా ఇస్తామని అంది.

రెహానా నా వైపు చూసింది. పది మంది. ఏడాది. పంపు రాత్రింబగళ్లు తిప్పుకోవచ్చు. శ్రీకర్ కూడా బల్లమీద వేళ్లతో తాళం వేస్తున్నాడు, సంతోషం దాచుకోలేక.

"రెండు రోజుల్లో చెబుతాం" అంది రెహానా.

లోపం వాళ్లది కాదని మా ముగ్గురికీ తెలుసు. ఒక మనిషి రెండుచోట్ల ఉండలేడని అది అనుకుంది. అందులో తప్పేముంది? ఇద్దర్ని ఒక మనిషని దానికి చెప్పింది మేము. చెప్పమన్నది నేను. కబుర్లన్నీ సాయంత్రానికి తొయ్యమన్నదీ నేనే. కళ్లతో చూడకుండా అందరూ చేరారని రేవుకి రాసిందీ నేనే.

ఇది ఈ పుస్తకంలో రాసినంత మాత్రాన చెప్పినట్టు కాదు.

రోజు 19

నూకరత్నం అక్క ఇంటికి వెళ్లాను. ఆవిడ తెప్ప అంచున కూర్చుని నెత్తళ్లు ఎండబెడుతోంది. పడుకోమన్నారు కదా అంటే, "కూకునే ఉన్నాను గదా" అంది. ఒక చాప జరిపి కూర్చోమంది.

ఎలా మొదలుపెట్టాలో ఇంటిదగ్గర అనుకుని వెళ్లాను. అక్కడికెళ్లాక అదేమీ రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఐదుగురి సంగతి, ఒకే పేరు సంగతి, అది నా ఆలోచనేనని. రేవుకి పంపిన జవాబు కూడా.

ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. ఒక వరస అయ్యాక రెండో వరస.

"అయితే నాను మీట నొక్కినప్పుడు, ఒడ్డున దాలిగాడు ఉన్నాడని నన్ను లేదనేసినాది."

"అవునక్కా."

"మూడు మార్లు నొక్కినాను. మూడో మారు నొక్కి, ఇంక ఎవులూ రారు, నా దారి నాను సూసుకోవాల అనుకున్నాను. ట్యాంకు తప్పిపోతే తరవాత ఏటీ లేదు, వొట్టి నీరే. తెడ్డు ఎయ్యలేక సేతులు సచ్చిపోయినాయి." తన అరచేతులు చూసుకుంది. చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. "అప్పుడు నీ మీద కోపం రాలేదు. నీ సంగతి తెలీదు గదా. ఇప్పుడొస్తన్నాది."

నేను చేపల గంప ఆవిడకి దగ్గరగా జరిపాను.

ఒక్కో చేపా తీసి పరుస్తూ అడిగింది. "ఆ కంపినీవోళ్లే తప్పు మాదన్నారంట గదా. దాలిగాడు సెప్పినాడు. మరి నువ్వేల వొచ్చి సెప్తన్నావు? ఎవులికీ తెలీదు."

"మీరు మళ్లీ నీళ్లమీదకి వెళ్తారు కదక్కా. ఎందుకలా జరిగిందో తెలియకుండా ఎలా పంపను?"

ఆవిడ నా వైపు చూడలేదు. గంపలో మిగిలిన చేపలన్నీ పరిచేసి, చేతులు కడుక్కుని, లోపలికెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది.

"ఎల్తాను. కాని ఈ మారు ఆ యంత్రం ఏదో నాను సూస్తాను. మీరు తెచ్చి సేతికి కడితే కట్టించుకోను. ముందు నాను సూడాల."

"సరే అక్కా."

"కోపం పోయినాదనుకోకు. ఉంటాది కొన్నాళ్లు."

"ఉండనీ అక్కా" అన్నాను. టీ తాగి వచ్చేశాను.

రోజు 20

రెహానాకి చెప్పాను, ఆ ఏడాది మనకి వద్దని. వాళ్లకి నిజం చెప్పేద్దామని.

"చెబితే ఖాతా మూసేస్తారు. ఒప్పందం తప్పాం కదా" అంది.

"మూసేస్తారు."

"ఇంకా పది చట్రాలు దించాలి."

"దించాలి."

ఆమె తొట్టి దగ్గరికి వెళ్లి నీళ్లలో వేళ్లు పెట్టి నిలబడింది. తిరిగొచ్చి, "ఒప్పుకున్నది నేను కూడా. సంతకం నాది. మీరొక్కరే మోయక్కర్లేదు" అంది. మనోజ్ఞకి తనే చెప్పింది. గంటలో ఖాతా మూసేశారు. రేవు ఆఫీసుకి నేను వెళ్లి, నా జవాబు తప్పని రాసిచ్చాను. వాళ్లు మమ్మల్ని నాలుగు రోజులు నీళ్లమీదకి వెళ్లకుండా ఆపారు.

రోజు 23

ఆ నాలుగు రోజులు ఊరికే కూర్చోలేదు. పక్క తెప్పల మీద మాలాంటి చిన్న కంపెనీలు ఉన్నాయి. వాళ్లేం వాడుతున్నారో అడుగుదామని బయల్దేరాను. తాళ్లు పేనేవాళ్లు, మంచినీళ్లు పంచేవాళ్లు, సముద్రపు నాచుతో అట్టలు చేసేవాళ్లు.

ప్రతిచోటా మొదట ఒకటే మాట. "మాకు ఏ ఇబ్బందీ లేదండీ." నేను పదిహేడో రోజు సంగతి చెప్పేదాన్ని. తలుపు దగ్గర దాలయ్య అడిగిన మాట దాకా చెప్పాక వాళ్ల ముఖాలు మారేవి. తర్వాత నిజం చెప్పేవాళ్లు. తాళ్లవాళ్లు తొమ్మిది మంది, పేర్లు నాలుగు. మంచినీళ్లవాళ్లలో ముగ్గురు పడవలవాళ్లు ఒకే పట్టీని మార్చుకుని కట్టుకుంటున్నారు.

మూడుచోట్ల చెప్పాను. మూడోసారి కూడా మొదటిసారి అంత కష్టంగానే ఉంది.

మంచినీళ్ల కంపెనీ నడిపే సలోమీ అనే ఆవిడ నా మాటంతా విని, "విడివిడిగా ఎందుకు కొనడం? మనందరం కలిస్తే ముప్పై ఒక్కరం. ముప్పై దాటితే మనిషికి ఇంత అని తీసుకునే వాటా మళ్లీ బాగా తగ్గుతుంది. అందరం కలిసి ఒక పెద్ద బృందమని అడుగుదాం" అంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. పక్కవాళ్లు ఏం వాడుతున్నారో అడగాలంటే మనం ఏం చేస్తున్నామో చెప్పాలి. ఆ సిగ్గుకే ఎవరూ అడగలేదనుకుంటాను.

శ్రీకర్ లెక్క చూశాడు. ముప్పై ఒక్కరికీ ఎవరి పేరు వాళ్లకి పెట్టినా, ఒక్కొక్కరి వాటా చురుకు చిన్న బృందం కంటే కాస్తే ఎక్కువ. పంపు రోజుకి ఒక గంట తగ్గించుకుంటే సరిపోతుంది. ఆ గంట పైడితల్లీ గౌరీ చేత్తో నీళ్లు తిప్పుతామన్నారు.

రోజు 28

ఈ రోజు మా తెప్ప మీద మూడు సాఫ్ట్‌వేర్లని పరీక్షించాం. నాలుగు కంపెనీల నుంచీ ఇద్దరిద్దరు వచ్చారు. మధ్యలో కుర్చీ నూకరత్నం అక్కది. డాక్టరు చెప్పిన వారం దాటి, మొన్ననే మళ్లీ పడవ తీసింది. చట్రాలు ముప్పై నాలుగు అయ్యాయి. నలభై అవవు. గడువు పెంచమని రెహానా కమిటీని అడిగింది. ముప్పై ఆరు నిలబడినా చాలన్నారు, అంతకు తగ్గకూడదన్నారు.

అక్క ముందు ఒక బకెట్టు సముద్రపు నీళ్లు పెట్టించుకుంది. "నాకు ఇంకేటీ సెప్పొద్దు. పట్టీ ఇందులో పడేసి మీట నొక్కుతాను. అదేటి సేస్తాదో సూస్తాను" అంది.

మొదట సహవాసి. పట్టీ నీళ్లలో పడేసి మీట నొక్కింది. వెంటనే తెర మీంచి ఆ తియ్యటి గొంతు వచ్చింది. "నూకరత్నం గారూ, మీరు ఒత్తిడిలో ఉన్నట్టున్నారు. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. నేను మీతోనే ఉన్నాను."

"నీళ్లలో ఊపిరి తియ్యమంతాది" అంది అక్క. దాలయ్య నవ్వు ఆపుకోలేక బయటికెళ్లాడు.

రెండోది నిపుణ. పెద్ద బృందమయ్యాక అది కూడా మాకు అందుబాటులోకి వచ్చింది. రెహానాకి మొదట్నుంచీ దానిమీదే మనసు. మీట నొక్కిన ఎనిమిది సెకన్లకి తెర మారింది. తోడుపడవకి కబురు వెళ్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం తెర దగ్గరికి వంగి, "కింద ఇంకేటో రాసినాది, సదువు" అంది. చదివాను. 'నూకరత్నం అందుబాటులో లేరు. ముప్పై ఐదో చట్రం పనిని దాలయ్యకు అప్పగించాను. పని ఆలస్యం కాదు.'

చప్పట్లు ఆగిపోయాయి.

"తప్పు లేదు" అన్నాడు శ్రీకర్. "పడవ కూడా పంపింది కదక్కా."

"పంపినాది. బాగున్నాది. కాని నాను మునిగిన కాడికే ఇంకో మనిసిని అప్పుడే పంపేసినాది. నాకు ఏటైనాదో వాడికి తెలవకుండా." ఆవిడ వెనక్కి ఆనుకుంది. "ఇంకోటి తియ్యి."

మూడోది మేము వెతికింది కాదు. సలోమీ చెప్పింది. 'మేస్త్రి' అని, పాత చేపల పడవలవాళ్లు వాడేదట. దాన్ని చేసిన లింగమూర్తి గారు డెబ్బై దాటిన మనిషి, తెల్లవారుజామున ఫెర్రీలో స్వయంగా పెట్టె మోసుకుని వచ్చారు. తెర బూడిద రంగులో ఉంది. అక్షరాలు పెద్దవి, వంకరగా ఉన్నాయి. నివేదికలు రాయదు. చిన్న పనులు పంచుతుంది, చట్రాల లెక్క ఉంచుతుంది, అంతే. రెహానా నిట్టూర్చింది.

అక్క పట్టీ నీళ్లలో వేసి మీట నొక్కింది.

పెద్దగా ఏమీ అవలేదు.

తెర మీద ఆవిడ పేరు పక్కన చిన్న గుర్తు ఒకటి వెలిగింది. తోడుపడవ సిద్ధం చెయ్యమని రేవుకి ఒక వరస కబురు వెళ్లింది. అంతే. నిమిషం గడిచింది. తాళ్లవాళ్లు వాచీలు చూసుకున్నారు. శ్రీకర్ లింగమూర్తి గారి వైపు జాలిగా చూశాడు. ఆయన బకెట్టు వైపే చూస్తూ కూర్చున్నారు.

"పాతదైపోయిందండీ" అని ఎవరో మొదలుపెట్టారు.

అంతలో నా బల్లమీద ఫోన్ మోగింది. తెర మీద కబురు కాదు, ఫోనే. అది ఆగకుండా, గట్టిగా, అందరి మాటలకీ అడ్డం పడి మోగుతోంది. తీశాను.

పలుచటి గొంతు, తొందర లేని గొంతు. "మేస్త్రిని మాట్లాడుతున్నాను. నూకరత్నం ఆపద మీట నొక్కింది. తర్వాత జవాబు లేదు. పట్టీ తప్పు చెబుతోందో, మనిషికి ఏమైనా అయిందో నాకు తెలియదు. మీకు ఆమె కంటికి కనబడుతోందా?"

నూకరత్నం అక్క కుర్చీలో ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నేనేం చెబుతానోనని నా ముఖంలోకి చూస్తోంది. ఆవిడ అరచేతుల మీద కొత్త చర్మం గులాబి రంగులో ఉంది.

"కనబడుతోంది" అన్నాను. "ఇక్కడే, నా ఎదురుగా ఉంది."